తలుపు విన్న గొంతు

"ఈ స్టాంపు మీదే కదా?" అని ఇన్‌స్పెక్టర్ మళ్ళీ అడిగాడు.

"నాదే."

"కంటెంట్ అని వేసింది మీరే కదా?"

"కంటెంట్ కాబట్టి కంటెంట్ అని వేశాను. వంకాయని వంకాయ అన్నందుకు అరెస్టు చేస్తారా?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి జరిపి నావైపు చూశాడు. "విన్నారుగా మేడమ్. ఒప్పేసుకుంది. ఇక మీకు పనేముంది? కొత్త పెళ్ళికూతురుగారికి అప్పుడే ఇల్లు విసుగొచ్చిందా?"

"లేదండీ. మావారు వంట నేర్చుకుంటున్నారు. అయ్యేదాకా ఆ చుట్టుపక్కలకి రావద్దన్నారు."

నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. నన్ను పెట్టుకున్నది ఆమె లాయరు. నాలుగున్నరకి ఆమెను స్టేషన్‌కి తీసుకెళ్తానని ఇన్‌స్పెక్టర్ ముందే చెప్పేశాడు. నాకు దొరికిన సమయం అంతవరకే.

మేం కూర్చున్న ఆ ఆఫీసులో ఆమెను అందరూ స్టాంపక్క అంటారు. ఏడో అంతస్తులో ఉన్న ఆ కంపెనీ లిఫ్టులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. లిఫ్టులోకి ఏం పంపాలన్నా మూటకట్టి పంపుతారు, దాన్నే ప్యాకేజీ అంటారు. ప్రతి ప్యాకేజీ ముందు స్టాంపక్క బల్ల మీదికి వస్తుంది. మిషన్ దాని మాట విని పనిచేసేదైతే కోడ్. అది టెస్ట్ రూముకి వెళ్ళి వారాలు, నెలల తరబడి పడి ఉంటుంది. మనుషులు చూసేదీ వినేదీ, అంటే బొమ్మలు, అంతస్తుల పేర్లు, లిఫ్టులో పలికే గొంతు లాంటివైతే కంటెంట్. అది ఆపకుండా ఆ సాయంత్రం నాలుగింటికే బయల్దేరుతుంది. రెండింట్లో ఏది ఏదో తేల్చడమే ఆమె ఉద్యోగం.

మొన్న ఆమె కంటెంట్ అని స్టాంపు వేసిన ప్యాకేజీలో ఉన్నవి గొంతులే. కంపెనీ కొత్తదేదైనా ముందు తన సొంత సామాన్ల లిఫ్టులో పెట్టి చూసుకుంటుంది కాబట్టి, సాయంత్రం అది ఈ భవనంలోకే దిగింది. నిన్న పొద్దున కంపెనీ లిఫ్ట్ మెకానిక్ ఈ అంతస్తులోనే తన పనిముట్ల బండిని లాక్కుంటూ, అలవాటు కొద్దీ వెనక్కి నడుస్తూ లిఫ్టులోకి అడుగుపెట్టాడు. తలుపు తెరుచుకుంది గానీ లోపల లిఫ్టు లేదు. అది ఇంకా కింది నుంచి వస్తోంది. దాని పైకప్పు మీద పడ్డాడు కాబట్టి బతికాడు. ఇప్పుడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

లిఫ్టులోకి కొత్తగా వెళ్ళింది ఆ ప్యాకేజీ ఒక్కటే. పైగా ఆ మెకానిక్ స్టాంపక్కకు స్వయానా మరిది. చెల్లెలి భర్త. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏం కావాలి?

"ఆయనంటే మీకు గిట్టదట," అన్నాను.

"గిట్టదు. మా చెల్లి చదువు మధ్యలో మానేసింది అతని కోసమే. ఆ కోపంతో పెళ్ళికి కూడా పోలేదు నేను." ఆమె ముక్కు మీది కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. "గిట్టనివాళ్ళనల్లా చంపుకుంటూ పోతే ఈ ఆఫీసులో లంచ్‌కి నేనొక్కదాన్నే మిగులుతానమ్మా."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

"ప్యాకేజీ పంపిందెవరు?" అని అడిగాను.

"రికార్డింగ్ గదిలో సీటు నుంచి వచ్చింది. అది అందరిదీ, ఎవరైనా కూర్చోవచ్చు," అన్నాడాయన. "ఆ గదికి సీలు వేశాం."

"మెకానిక్ దగ్గర దొరికినవేంటి?"

"ఫోను, దువ్వెన, పెళ్ళాం ఫొటో. ఆఫీసు కార్డూ తాళాల గుత్తీ కనపళ్ళేదు. లిఫ్టు గుంతలోకి జారిపోయి ఉంటాయి."

"గుంతలో వెతికారా?"

"వెతుకుతాం లెండి," అంటూ ఆయన స్టాంపక్క పాసు కార్డును ఒక కవర్లో వేసి తన జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే ఆమెను పనిలోంచి ఆపేశారు. ఆమె బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది.

వరండాలో బెంచీ మీద ఆమె చెల్లెలు కూర్చుని ఉంది. ఒళ్ళో భర్త హెల్మెట్ పెట్టుకుని, దాని పట్టీని వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. పోలీసులు పిలిస్తే వచ్చింది, మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి. నేను పక్కన కూర్చున్నాను.

"మీ అక్క కావాలనే చేసిందనుకుంటున్నారా?"

"అది తేల్చడానికే కదా మీకు ఫీజు ఇస్తున్నది."

"మీరేమనుకుంటున్నారో అడుగుతున్నాను."

పట్టీ ఆమె వేలి మీద బిగుసుకుంది. "మా అక్క ఏ పనీ పొరపాటున చెయ్యదండీ. చిన్నప్పుడు నా జడలు వేసినా పాపిడి వెంట్రుకవాసి పక్కకి పోయేది కాదు. పొరపాటు కాకపోతే ఇంకేంటి మరి?" లేచి నిలబడింది. "నేను పోవాలి. ఆయన్ని స్కానింగ్‌కి కిందికి దింపుతారట. పక్కన నేను లేకపోతే ఎట్లా?"

ఆమె మెట్ల వైపు వెళ్ళేదాకా చూస్తూ ఉన్నాను. గదిలోంచి స్టాంపక్క కూడా గాజు తలుపు గుండా అటే చూస్తోంది. చెల్లెలు తల తిప్పలేదు.

*

"మీరు ఈ గొంతులు ఎలా విన్నారో నాకు చూపించండి," అన్నాను లోపలికి వచ్చి.

ఇన్‌స్పెక్టర్ అడ్డు చెప్పాడు. ముద్దాయి కంప్యూటర్ ముట్టుకోకూడదన్నాడు. ఆమె ముట్టుకోదు, చెప్తే నేనే నొక్కుతానన్నాను. ఆయన గడియారం చూసుకుని, సరే కానివ్వమన్నాడు.

హెడ్‌ఫోన్స్ చెవులకు పెట్టుకుని మొన్నటి ప్యాకేజీ తెరిచాను. లోపల పిచ్చుకలు కిచకిచలాడినట్టు వినిపించింది.

"ఏంటిది?"

"రెట్టింపు స్పీడులో వింటామమ్మా. బల్ల మీద గుట్టలు పడి ఉంటాయి. అన్నీ నెమ్మదిగా వింటే ఇల్లు చేరేసరికి తెల్లారుతుంది. ఇక్కడ అందరూ ఇంతే." ఆమె గొంతులో మొదటిసారి కాస్త తడబాటు. "స్పీడులో విన్నా మాట ఒక్కటి పోదు. బూతు ఉంటే దొరుకుతుంది, తప్పు అంకె ఉంటే దొరుకుతుంది. ఒక్కటి కూడా వదల్లేదు నేను."

అప్పుడే నా ఫోను మోగింది. మావారు. "అన్నం అడుగంటింది. పైన ఉన్నది మాత్రం అద్భుతం" అని సందేశం. ఆ నిమిషంలో నవ్వకూడదు గానీ, పెదాలు నా మాట వినలేదు. ఇన్‌స్పెక్టర్ కనుబొమలు ఎగరేశాడు. ఫోను బోర్లించి పెట్టబోయి, చెయ్యి అక్కడే ఆపాను.

పొద్దున కాఫీ దగ్గర మా ఇద్దరికీ గొడవ. నేను పంపే వాయిస్ మెసేజీలు ఆయన స్పీడు పెంచి వింటూ దొరికిపోయాడు. పెళ్ళై నెల కాలేదు, అప్పుడే నా మాటలు స్పీడుగా వింటావా అని నేను. అట్లా వింటే రెండుసార్లు వినొచ్చని ఆయన. పైగా, నువ్వు ఆలోచిస్తూ ఆగే చోట్లు కూడా ఫోనే ఎగరగొడుతుంది, దానికో టిక్కు ఉంది అన్నాడు. ఆ ఆగిన చోటే కదా అసలు సంగతి ఉండేది అని నేను కప్పు దబ్బున పెట్టాను.

స్క్రీన్ మీద వెతికాను. స్పీడు పక్కనే చిన్న టిక్కు ఉంది. 'ఖాళీలు వదిలెయ్యి.'

"ఇది ఎప్పుడూ పెట్టే ఉంచుతారా?"

"ఆ. నిశ్శబ్దం వినడమెందుకమ్మా?"

రెండూ తీసేశాను. హెడ్‌ఫోన్స్ ఊడబీకి, స్పీకర్లో పాత ప్యాకేజీలోని ఏడో అంతస్తు గొంతు వినిపించాను. నిదానమైన ఆడగొంతు. "ఏడవ అంతస్తు. తలుపులు తెరుచుకుంటున్నాయి." మాటలు అయిపోయాయి. రికార్డింగ్ ఎంత దూరం నడిచిందో చూపే గీత మాత్రం స్క్రీన్ మీద సాగుతూనే ఉంది. ఏమీ లేదు, ఉత్త నిశ్శబ్దం. ఇన్‌స్పెక్టర్ ఓపిక పోయి బల్ల మీద వేళ్ళతో దరువు వేయడం మొదలుపెట్టాక ఆగింది.

మొన్నటిది పెట్టాను. అదే గొంతు, అవే మాటలు. "తెరుచుకుంటున్నాయి" అన్న మరుక్షణం గీత ఆగిపోయింది. మిగతా అంతస్తుల గొంతులన్నిటికీ చివర ఆ నిశ్శబ్దపు తోక ఉంది. ఈ ఒక్కదానికే లేదు.

స్టాంపక్క ముఖం తెల్లబోయింది. "ఇది నేను వినలేదు," అంది మెల్లగా.

"వినడానికి అందులో ఏమీ లేదు కదా."

"ఖాళీ కత్తిరిస్తే మనిషి పడిపోతాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీకు పెళ్ళి సంబరం తలకెక్కిందండీ."

"చీఫ్ ఇంజనీర్‌ని పిలిపించండి. ఆయన కాదంటే నేను ఇంటికెళ్ళి అడుగంటిన అన్నం తింటాను."

చీఫ్ వచ్చాడు. నెరిసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, చేతులు ప్యాంటు జేబుల్లో. ఈ లిఫ్టుల తలుపులు నడిపే కోడ్ మొత్తం చాలా ఏళ్ళ కిందట ఆయన రాసిందే. రెండు గొంతులూ విన్నాడు, భుజాలు ఎగరేశాడు.

"రికార్డింగ్‌లో మిగిలిపోయిన ఖాళీ. ఎవరో శుభ్రం చేశారు. గొంతు మనుషుల కోసమండీ. తలుపుకి చెవులుండవు."

"ఏ సంబంధమూ లేదా?"

"లేదు."

ఇన్‌స్పెక్టర్ నాకు తలుపు చూపించాడు. నేను వరండాలోకి చూపించాను. "ఒక్కసారి లిఫ్టు నడిపిద్దాం. ప్యాకేజీ ఇంకా అందులోనే ఉంది కదా?"

"సాక్ష్యం. అలాగే ఉంచాం."

"కంటెంటే అన్నారు కాబట్టి నడిపి చూళ్ళేదు, అంతేనా?"

ఆయన లిఫ్టు తాళంచెవి తీశాడు.

*

సామాన్ల లిఫ్టుకి ప్రతి అంతస్తులోనూ తలుపుకి సొంత మోటారు ఉంది. ఏడో అంతస్తు తలుపు ముందు పోలీసు పట్టీ కట్టి ఉంది. గడప అంచు మీద బండి చక్రం గీసిన గీత మెరుస్తోంది. గీత సూటిగా లోపలికే ఉంది. అంటే అతను అనుమానించలేదు, ఆగలేదు. రోజూ వినే మాటే విన్నాడు, నమ్మి వెనక్కి అడుగు వేశాడు.

ఇన్‌స్పెక్టర్ పట్టీ విప్పి, చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఒకటి తెప్పించాడు. "ఇది బండి అనుకోండి. వాడు ఇలా నిలబడ్డాడు." తలుపుకి వీపు పెట్టి, కుర్చీని తన పక్కన గడప మీదికి లాక్కున్నాడు. నన్ను ఎగతాళి చెయ్యడానికే చేశాడు గానీ సరిగ్గానే చేశాడు. చీఫ్ ఆయనకి ఎదురుగా నిలబడ్డాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. స్టాంపక్కను గోడ వైపు నిలబెట్టి నేను బటన్ నొక్కాను.

కింద ఎక్కడో మోటారు మేల్కొంది. తాళ్ళు గుయ్యిమన్నాయి. నేను తలుపు చూడలేదు. చీఫ్ చేతులు చూశాను.

"ఏడవ అంతస్తు," అంది గొంతు. "తలుపులు తెరుచుకుంటున్నాయి."

చివరి మాట పూర్తయిందో లేదో చీఫ్ చేతులు జేబుల్లోంచి ఎగిరొచ్చాయి. ఇన్‌స్పెక్టర్ కాలరు పట్టుకుని ముందుకు లాగాడు. ఇద్దరూ కలిసి నేల మీద పడ్డారు. ఆ తర్వాత, నేను మళ్ళీ చెప్తున్నాను, ఆ తర్వాతే తలుపు కదిలింది.

లోపల చీకటి. జిడ్డు వాసన. గడప అంచున ఉన్న కుర్చీ ఒక్క క్షణం ఊగి లోపలికి జారింది. కింది నుంచి వస్తున్న లిఫ్టు పైకప్పు మీద అది విరిగిన చప్పుడు వినిపించింది. కాసేపటికి లిఫ్టు వచ్చి గడపతో సమానంగా నిలబడింది. తీరిగ్గా, మర్యాదగా.

ఇన్‌స్పెక్టర్ నేల మీదే కూర్చుని కుర్చీ ఉండాల్సిన చోటు వైపు చూశాడు. టోపీ ఎక్కడో పడిపోయింది.

"చీఫ్‌గారూ, తలుపు కదలకముందే మీకెలా తెలిసింది?" అని అడిగాను.

ఆయన లేవలేదు. చొక్కా మీది దుమ్ము దులుపుకున్నాడు. అది పోలేదు. మళ్ళీ దులుపుకున్నాడు.

"గొంతు ఆగితే తలుపు తెరుచుకుంటుంది," అన్నాడు చివరికి. "కుర్రతనంలో అట్లా రాశాను. మాటలు పూర్తయ్యేసరికి లిఫ్టు ఎటూ వచ్చేస్తుంది కదా అని. తర్వాత కొన్నిచోట్ల తలుపు ముందే తెరుచుకోబోయింది. కోడ్ మార్చాలంటే టెస్ట్ రూము. నెలలు పడుతుంది, నా తప్పు పదిమందికీ తెలుస్తుంది. అందుకని గొంతుల చివర్లో నిశ్శబ్దం అతికించాను. గొంతు కంటెంట్ కదా, ఆ సాయంత్రమే పోయింది. ఎవరూ అడగలేదు."

"ఇన్నేళ్ళూ ఆ ఖాళీయే తలుపుని ఆపుతోందన్నమాట."

"అవును."

స్టాంపక్క గోడ దగ్గర్నుంచి కదిలింది. "నిశ్శబ్దాన్ని కోడ్ చేసి, కంటెంట్ అని నా బల్ల మీద పెట్టారా? నా స్టాంపుతోనా? ఇన్నేళ్ళూ 'ఏం స్టాంపక్కా, బాగున్నావా' అంటూ పోతూ వస్తూనా?"

"పెట్టింది నేనే. తీసింది మాత్రం నేను కాదమ్మా. మా అబ్బాయి మీద ఒట్టు. ఈ సంగతి నాతో పాటు ఒక్కడికే తెలుసు. మీ మరిదికి. తలుపు గొంతు వింటోందని పోయిన వారం అతనే కనిపెట్టాడు. వచ్చి, నలుగురి ముందు చెప్తారా లేక నన్ను చెప్పమంటారా అన్నాడు. చెప్తానన్నాను."

"ఎక్కడ మాట్లాడుకున్నారు?" అన్నాను.

"రికార్డింగ్ గదిలో."

"మైకులుండే గదిలోనా?"

"ఏదైనా ఆన్‌లో ఉందేమో చూసుకోలేదు," అన్నాడు చీఫ్.

ఇన్‌స్పెక్టర్ లేచి లిఫ్టుకి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని జేబు తట్టి చూసుకున్నాడు. చీఫ్ మోచెయ్యి పట్టుకున్నాడు గానీ గట్టిగా పట్టుకోలేదు. "మీరు నా ప్రాణం కాపాడారు. దానివల్లే దొరికిపోయారు. ఏం మనిషండీ మీరు," అన్నాడు.

*

గదిలోకి తిరిగొచ్చేసరికి నాలుగు కావస్తోంది. స్క్రీన్ మీద వరసలో కొత్త ప్యాకేజీ ఒకటి కూర్చుని ఉంది. మేం లిఫ్టు దగ్గర ఉన్నప్పుడు వచ్చింది.

"ఇదేంటి?" అన్నాను.

స్టాంపక్క కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఆసుపత్రి లిఫ్టుకి. అక్కడా మా సాఫ్ట్‌వేరే. ఇక్కడ పెట్టి చూడకుండా నేరుగా అక్కడికే. కంటెంట్ అని పంపినవాళ్ళే రాశారు. లోపల ఒక్కటే గొంతు." ఆమె ఇంకాస్త ముందుకి వంగింది. "ఐదో అంతస్తు."

"ఐదో అంతస్తులో ఏముంది?"

"మా మరిది ఉన్నాడు."

నేను నొక్కాను. "ఐదవ అంతస్తు. తలుపులు తెరుచుకుంటున్నాయి." గీత అక్కడే ఆగిపోయింది. తోక లేదు.

స్ట్రెచర్ని లిఫ్టులోకి ఎలా ఎక్కిస్తారో నేను చూశాను. ముందున్న మనిషి వెనక్కి నడుస్తూ లాగుతాడు. పక్కన పేషెంటు చెయ్యి పట్టుకుని ఇంట్లోవాళ్ళు నడుస్తారు.

"ఆపండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాకు అధికారం లేదు," అన్నాడు చీఫ్. "పంపినవాళ్ళు ఆపాలి, లేకపోతే స్టాంపు ఉన్నవాళ్ళు ఆపాలి. ఆ సీటు ఖాళీగా ఉంటే కంటెంట్ దానంతటదే నాలుగింటికి పోతుంది. దానివల్ల ఎవరికీ హాని లేదు కదా అని అట్లా పెట్టుకున్నాం."

సీటు పొద్దుటి నుంచీ ఖాళీ. ఖాళీ చేయించిందెవరో అందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కవరు తీశాడు, చించాడు, పాసు కార్డు స్టాంపక్క చేతిలో పెట్టాడు. అంతకంటే పెద్ద క్షమాపణ ఆయనకి చేతకాదని నాకర్థమైంది.

స్టాంపక్క తన కుర్చీలో కూర్చుంది. స్క్రీన్ మీద రెండే గళ్ళు. ఆమె వేలు ఒక్క క్షణం గాలిలో నిలిచింది.

"ఇన్నేళ్ళలో గొంతుకి ఈ స్టాంపు వెయ్యలేదు," అని గొణిగి, 'కోడ్' నొక్కింది.

కారణం రాయమని అడిగింది మిషన్. 'తలుపు దీన్ని వింటుంది' అని రాసింది. ప్యాకేజీ వరసలోంచి కదిలి టెస్ట్ రూము గడిలోకి జారింది. గోడ గడియారం నాలుగు దాటింది. అక్కడి నుంచి ఏదీ బయటికి పోలేదు.

"మీ చెల్లెలికి ఫోన్ చెయ్యండి," అన్నాను. "ఇంతకుముందే ఇంకోటి పోయి ఉంటే?"

"నా నంబరు చూస్తే తియ్యదమ్మా."

నా ఫోను ఇచ్చాను. రెండోసారికి తీసింది. స్టాంపక్క నిలబడి మాట్లాడింది. "నేనే. పెట్టెయ్యకు. లిఫ్టు దగ్గరికి పోకు. ఆయన్ని కూడా పోనివ్వకు, స్ట్రెచర్ చక్రానికి నీ కాలు అడ్డం పెట్టు. ఎవరేమన్నా సరే. తర్వాత నన్ను ఎన్నైనా తిట్టు."

అవతల ఏమీ వినపడలేదు. చాలాసేపు. స్టాంపక్క ఆ నిశ్శబ్దాన్ని మొత్తం వింది, కళ్ళు మూసుకుని, ఫోను చెవికి అదుముకుని.

"సరే అక్కా," అని చిన్నగా వినిపించింది.

స్టాంపక్క కుర్చీలో కూలబడింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి స్క్రీన్ వైపు చూశాను. అందరం అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. రికార్డింగ్ గదికి సీలుంది. చీఫ్ మా కళ్ళముందే ఉన్నాడు. మరి ఈ ప్యాకేజీ పంపిందెవరు?

కిందికి జరిపాను. పంపినవారి గడిలో ఉన్నది మెకానిక్ కార్డు నంబరు. పంపిన చోటు ఇదే భవనం, కింది అంతస్తు.

"కార్డు గుంతలో పడిందన్నారు," అన్నాను.

ఇన్‌స్పెక్టర్ ముఖంలో రంగు మారింది. "కార్డూ, తాళాల గుత్తీ," అన్నాడు. "ఆ గుత్తిలో ఈ లిఫ్టు తాళంచెవి కూడా..."

స్టాంపక్క చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. ఆమె వరండా వైపు చెవి పెట్టి వింటోంది.

మేం ఇక్కడే తాళం వేసి ఆపిన లిఫ్టు ఎప్పుడు కిందికి పోయిందో, తాళ్ళు మళ్ళీ గుయ్యిమంటున్నాయి. విరిగిన కుర్చీ దేనికో రాసుకుంటూ, గలగలమంటూ, కింది నుంచి పైకి వస్తోంది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఆయన తాళంచెవి అక్కడే ఉంది.

"ఏడవ అంతస్తు," అంది గొంతు.